సూపర్‌వైజర్ మేనేజర్ అవ్వాలంటే ఏది మేలు: ఎంబీఏనా, లైన్ సర్టిఫికెట్టా?

నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో షిఫ్ట్ సూపర్‌వైజర్లు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో కూలీల పని చూసే మేట్లు, కృష్ణపట్నం పోర్టు దగ్గర కస్టమ్స్ పని చూసే క్లియరింగ్ ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్లు... వీళ్లందరిదీ ఒకటే గొడవ. ఐదారేళ్లు కష్టపడి పని నేర్చుకుంటారు. కింద నలభై యాభై మందిని నడిపిస్తుంటారు. మేనేజర్ పోస్టు ఖాళీ అయిందనగానే "క్వాలిఫికేషన్ ఏంది?" అంటారు హెచ్‌ఆర్ వాళ్లు. మనవాడు అక్కడ ఆగిపోతాడు. ఆ కుర్చీలోకి చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో ఒక ఎంబీఏ వస్తాడు. అతనికి పని నేర్పే బాధ్యత మళ్లీ మనవాడి నెత్తిన పడుతుంది.

అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. ఉద్యోగం మానేసి ఎంబీఏ ఎంట్రన్స్ ఐసెట్ రాయాలా, దూరవిద్యలో ఎంబీఏ కట్టాలా, ఏదైనా సర్టిఫికెట్ కోర్సు చేస్తే సరిపోతుందా అని. ప్లాంట్ మనుషుల ట్రైనింగ్, ప్రమోషన్లు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు రోజూ వినిపించేదే. నా లెక్క ముందే చెప్పేస్తాను. ఉన్న లైన్లోనే పైకి పోవాలనుకునేవాళ్లు ముందు ఆ లైన్ సర్టిఫికెట్, అంటే ఆ పనిలో సంతకం పెట్టే హక్కు ఇచ్చే కాగితం, తీసుకోవాలి. ఎంబీఏ దాని తర్వాత, అది కూడా ఉద్యోగం చేసుకుంటూనే. ఉద్యోగం వదిలి రెగ్యులర్ ఎంబీఏకి పోవడం కొద్దిమందికే లాభం. ఎందుకంటానో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు డిగ్రీ ఉందో లేదో

పాలిటెక్నిక్ చేసి ఉద్యోగంలో చేరినవాళ్లు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామంది. మూడేళ్లు చదివాం కదా, ఎంబీఏకి పనికొస్తుందిలే అనుకుంటారు. పనికిరాదు. ఎంబీఏలో చేరాలంటే కనీసం మూడేళ్ల డిగ్రీ ఉండాలి. అందులోనూ జనరల్ వాళ్లకి 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 45 శాతం మార్కులు రావాలి. డిప్లొమాతో నేరుగా ఎంబీఏ ఇప్పిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ నంబర్ బ్లాక్ చేసెయ్యండి.

డిప్లొమా మాత్రమే ఉన్నవాళ్లకి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. కానీ చాలావరకు ఉద్యోగం మానుకోవాల్సిందే. ఈ మధ్య సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ కొన్ని కాలేజీలకు ఉద్యోగస్తుల కోసం సాయంత్రాలు, వారాంతాల్లో క్లాసులు నడుపుకునే అనుమతి ఇస్తోంది. పనిచేసే చోటికి దగ్గర్లో అలాంటి కాలేజీ ఉంటే అదృష్టమే. లేదంటే ఓపెన్ యూనివర్సిటీలో మూడేళ్ల డిగ్రీ. మొత్తం మీద డిప్లొమా మనిషికి ఎంబీఏ అంటే రెండేళ్ల మాట కాదు, ఐదేళ్ల మాట. ఈ ఒక్క సంగతి తెలిస్తేనే సగం మంది నిర్ణయం మారిపోతుంది.

రెగ్యులర్ ఎంబీఏ

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. క్వాలిఫై కావడానికి 25 శాతం మార్కులు చాలు, అంటే 50. పరీక్ష పెద్ద అడ్డంకి కాదు. కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది, 2008లో పెట్టారు. ఒంగోలులో ఒకప్పుడు నాగార్జున యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా ఉన్నది ఇప్పుడు ఆంధ్రకేసరి యూనివర్సిటీ అయింది. ప్రైవేటు కాలేజీలు సరేసరి. సీటు దొరకదన్న టెన్షన్ అక్కర్లేదు.

అసలు ఖర్చు ఫీజు కాదు, పోగొట్టుకునే జీతం. నెలకి 25 వేలు తీసుకునే సూపర్‌వైజర్ రెండేళ్లు మానేస్తే 6 లక్షలు పోయినట్టు. ఫీజు, హాస్టల్ దీనికి అదనం. పోనీ చదివి వచ్చాక మేనేజర్ పోస్టు ఇస్తారా అంటే, చాలా చోట్ల మేనేజ్‌మెంట్ ట్రైనీగానే తీసుకుంటారు. పాత అనుభవాన్ని పూర్తిగా లెక్కేసుకునే కంపెనీలు తక్కువ. తనకంటే జూనియర్‌గా చేరినవాడు ఈలోపు అసిస్టెంట్ మేనేజర్ అయి కూర్చుని ఉంటాడు.

ఇంకో మాట. ఎంబీఏ చివర్లో ప్రాజెక్ట్ వర్క్ ఉంటుంది కదా, ఆ పిల్లలు ప్లాంట్‌కి వస్తుంటారు. ఏ ఏడు చూసినా "ఉద్యోగుల మోటివేషన్‌పై అధ్యయనం" అనే ఒకే టైటిల్. ఇరవై ప్రశ్నల ఫారం తెస్తారు, పీలింగ్ హాల్‌లో పనిచేసే ఆడవాళ్లకి ఇంగ్లిష్‌లో ఇస్తారు. మేస్త్రి అందరి తరఫునా టిక్కులు పెట్టేస్తాడు. అది బైండింగ్ అయ్యి కాలేజీ అల్మారాలోకి పోతుంది. మా ప్లాంట్‌లో ఏ షిఫ్ట్‌లో మనుషులు ఎక్కువ మానేస్తున్నారు, పండగ తర్వాత ఎన్ని రోజులకి తిరిగొస్తున్నారు అనేది లెక్క తీసి చూపించిన రిపోర్ట్ ఒక్కటి వచ్చినా మేమే కొనుక్కునేవాళ్లం.

అలాగని రెగ్యులర్ ఎంబీఏ దండగ అనను. వయసు ఇరవై మూడు ఇరవై నాలుగు లోపు ఉండి, ఈ రొయ్యలు, రాళ్లు, లారీల లైన్ నుంచి బయటపడి బ్యాంకింగ్‌కో మార్కెటింగ్‌కో పోవాలనుకుంటే అదే సరైన దారి. లైన్ మారడానికి దాన్ని మించింది లేదు.

ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు

షిఫ్ట్ మేనేజర్ ఇంటర్వ్యూల్లో నేను అడిగే ప్రశ్న ఒకటుంది. "రాత్రి రెండున్నర. సరుకు గడ్డకట్టించే ప్లేట్ ఫ్రీజర్ ట్రిప్ అయింది. టేబుళ్ల మీద రెండు టన్నుల హెడ్‌లెస్ (తల తీసిన) సరుకు ఉంది. బయట ఇంకో లారీ దించడానికి నిలబడి ఉంది. ముందు ఏం చేస్తారు?"

ఫ్లోర్ తెలియని ఎంబీఏ అభ్యర్థి "టీమ్‌ని పిలిచి మీటింగ్ పెడతాను సార్" అంటాడు. ఇంకొకరు రూట్ కాజ్ అంటారు. ఫ్లోర్ మీద పెరిగిన మనిషి కుర్చీలో ముందుకి జరిగి చెప్తాడు: "లారీ డోర్ తియ్యనివ్వను సార్. టేబుల్ మీద సరుకంతా టబ్బుల్లోకి ఎత్తించి ఐస్ కొట్టిస్తా. టెంపరేచర్ రాయిస్తా. ఆ తర్వాతే రిఫ్రిజిరేషన్ వాళ్లకి ఫోన్." అతనికి ఆ ప్రశ్నలో నూటికి నూరు వేస్తాను.

రెండో ప్రశ్న ఇది: "ఆ రాత్రి కంపెనీకి ఎంత నష్టం?" ఇక్కడ అదే మనిషి నీళ్లు నములుతాడు. ఆగిన మనుషుల గంటలు, ఐస్, డీజిల్, గ్రేడ్ పడిపోయిన సరుకు, షిప్‌మెంట్ లేటయితే బయ్యర్ వేసే క్లెయిమ్... ఇవన్నీ అతని కళ్ల ముందు జరిగినవే. కానీ వాటిని రూపాయల్లోకి మార్చమంటే చెయ్యి ఆడదు. షిఫ్ట్‌కి 10 టన్నుల సరుకు నడిచే చోట ఈల్డ్ (పచ్చి సరుకులోంచి చేతికొచ్చే తయారు సరుకు) ఒక్క శాతం తగ్గితే 100 కిలోలు పోయినట్టు. అది సూపర్‌వైజర్‌కి తెలుసు. నెలకి, సీజన్‌కి అదెంత, దాన్ని ఆపడానికి ఇంకో గ్రేడింగ్ మెషీన్ పెడితే ఎన్నాళ్లకి కిట్టుబాటు అన్నది మేనేజర్ వెయ్యాల్సిన లెక్క. మొదటి ప్రశ్నకి ఏ కాలేజీ జవాబు నేర్పదు. రెండోదానికి ఏ ఫ్లోరూ నేర్పదు.

అందుకే ఎంబీఏ, సర్టిఫికెట్ ఒకదానికొకటి పోటీ కాదు. ఏది ముందు, ఏది వెనక అన్నదే తేల్చుకోవాలి.

దూరవిద్య, ఆన్‌లైన్ ఎంబీఏ

దూరవిద్య డిగ్రీకి విలువ లేదనే మాట ఇంకా తిరుగుతోంది. అది పాత మాట. యూజీసీ 2020 నిబంధనల్లోనే, గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చే దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని ఉంది. 2022లో ఇంకోసారి స్పష్టంగా ప్రకటించింది. చూసుకోవాల్సింది ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి, ఆ ఏడాదికి యూజీసీ దూరవిద్య బ్యూరో (డీఈబీ) అనుమతి ఉందా లేదా అని. యూనివర్సిటీ పెద్దదైనంత మాత్రాన ప్రతి కోర్సుకీ అనుమతి ఉన్నట్టు కాదు. ఇప్పుడు చేరేవాళ్లు డీఈబీ ఐడీ అని ఒకటి తీసుకోవాలి. దొంగ అడ్మిషన్లకి ఇదొక అడ్డు. ఐడీ అక్కర్లేదు, మేమే చూసుకుంటాం అనే ఏజెంట్ దగ్గర పైసా కట్టొద్దు.

ఇగ్నో ఎంబీఏ మన దగ్గర ఎక్కువమంది తీసుకునేది. ప్రత్యేకంగా ఎంట్రన్స్ లేకుండానే చేరొచ్చు. రెండేళ్లలో అవగొట్టొచ్చు, కుదరకపోతే నాలుగేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి ఈ వెసులుబాటే ప్రాణం. జూన్‌లో, డిసెంబర్‌లో పరీక్షలు. మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకి, 70 శాతం పరీక్షకి.

ఆ 30 శాతం దగ్గరే అసలు జబ్బు. అసైన్‌మెంట్లు రెడీమేడ్‌గా జిరాక్స్ షాపుల్లో దొరుకుతాయి, వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లు తిరుగుతాయి. "మీ సంస్థలో నిర్ణయాలు ఎలా తీసుకుంటారో రాయండి" అని ప్రశ్న ఉంటుంది. రొయ్యల ప్లాంట్ సూపర్‌వైజర్ ఢిల్లీలో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ గురించి ఎత్తి రాసి పంపుతాడు. తన సొంత పని గురించి రాసుకునే అవకాశం కోర్సే ఇచ్చింది, అతనే వదులుకున్నాడు. దూరవిద్య ఎంబీఏలో నేర్చుకునేది ఏమైనా ఉందంటే ఆ అసైన్‌మెంట్లలోనే ఉంది. రెండు నెలల ఈల్డ్ రిజిస్టర్ ముందర పెట్టుకుని కాస్టింగ్ (ఖర్చు లెక్క) అసైన్‌మెంట్ రాసినవాడు నా రెండో ప్రశ్నకి జవాబు చెప్పగలడు. కాపీ కొట్టినవాడికి కాగితం వస్తుంది, అంతే.

ఉద్యోగస్తుల కోసం ఐఐఎంలు నడిపే పెద్ద కోర్సులూ ఉన్నాయి. విశాఖ ఐఐఎంలోనూ ఒకటుంది. వాటి ఫీజు మన సూపర్‌వైజర్ జీతాలతో కుదరదు. జనరల్ మేనేజర్ స్థాయి వాళ్లు, అది కూడా కంపెనీ కడితే ఆలోచించాల్సినవి.

లైన్ సర్టిఫికెట్: సంతకం పెట్టే హక్కు

కొన్ని పనులు ఫలానా సర్టిఫికెట్ ఉన్న మనిషి సంతకం లేకుండా జరగవు. ఓనర్ ఇష్టం కాదు, చట్టమో బయ్యర్ దేశమో పెట్టిన షరతు. ఆ సంతకం పెట్టగలిగిన మనిషిని కంపెనీ తేలిగ్గా వదులుకోదు. ఈ లైన్ సర్టిఫికెట్ల బలమంతా అక్కడుంది. మన జిల్లాల్లో పనికొచ్చేవి నాలుగు చెప్తాను.

రొయ్యల లైన్లో హెచ్‌ఏసీసీపీ, అంటే సరుకు ఎక్కడెక్కడ పాడవ్వొచ్చో ముందే గుర్తించి అక్కడ అదుపు చేసే పద్ధతి. అమెరికాకి సముద్ర ఉత్పత్తులు పంపే ప్రతి ప్లాంట్‌కీ ఇది తప్పనిసరి. 1995 చివర్లో ఆ దేశం రూల్ తెచ్చింది, 1997 డిసెంబర్ నుంచి అమలవుతోంది. ప్లాన్ తయారు చేసేది, మార్చేది, రికార్డులు సరిచూసేది శిక్షణ పొందిన మనిషే అయ్యుండాలి. కీలక పాయింట్ల దగ్గర రాసిన రికార్డులను, రాసిన వారంలోపు ఆ మనిషి చూసి సంతకం, తేదీ వెయ్యాలి. ఆడిట్‌కి వచ్చినవాళ్లు ముందు తిరగేసేది ఈ పుస్తకాలే. మెటల్ డిటెక్టర్‌లో టెస్ట్ పీస్ వేసిన టైమ్, కోల్డ్ స్టోర్ టెంపరేచర్ మైనస్ 18 దాటిందా అన్నది, సరుకు దిగినప్పుడు యాంటీబయాటిక్ టెస్ట్ రిపోర్ట్ జత చేశారా లేదా. అందరి చేతిరాతా ఒకేలా ఉండి, గంట గంటకీ ఒకే అంకె ఉంటే ఆడిటర్‌కి వెంటనే అనుమానం వస్తుంది. 2016లో యూరప్ వాళ్లు మన చెరువు రొయ్యల్లో శాంపిల్ పరీక్షలను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. దాంతో ప్లాంట్లలో ఈ రికార్డులు చూసే మనిషికి గిరాకీ పెరిగింది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు అందరూ వేరే మార్కెట్ల వైపు చూశారు. కొత్త మార్కెట్ అంటే కొత్త ఆడిట్. ఫిషరీస్ డిగ్రీయో, మైక్రోబయాలజీయో, కెమిస్ట్రీయో చదివి ఫ్లోర్ మీద ఉన్నవాళ్లకి ఇది నాలుగు రోజుల శిక్షణతో మొదలయ్యే దారి. ఆ తర్వాత ఆహార భద్రతకి సంబంధించిన ఐఎస్‌ఓ 22000 ఆడిటర్ కోర్సు చేస్తే క్వాలిటీ మేనేజర్ పోస్టు అందుబాటులోకి వచ్చినట్టే.

గ్రానైట్ లైన్లో డీజీఎంఎస్ సర్టిఫికెట్లు. చీమకుర్తి గ్యాలక్సీ గ్రానైట్ ప్రపంచమంతా పోతుంది. కానీ ఆ క్వారీ బెంచి మీద ఎవరి మాట చెల్లుతుందన్నది ధన్‌బాద్‌లో ఆఫీసున్న గనుల భద్రతా డైరెక్టరేట్ (డీజీఎంఎస్) పరీక్షలు తేలుస్తాయి. మేట్, ఫోర్‌మన్, ఆపైన సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్. 1952 గనుల చట్టం, 1961 మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ కింద వచ్చిన మెట్లు ఇవి. ప్రతి మెట్టుకీ ఇన్నేళ్లు గనిలో పనిచేసిన అనుభవం చూపించాలి, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ కూడా పెట్టాలి. ఉద్యోగం వదలక్కర్లేదు సరికదా, ఉద్యోగంలో ఉంటేనే పరీక్షకి అర్హత. మేనేజ్‌మెంట్‌కి సంబంధించిన చదువుల్లో ఇంత చక్కగా కట్టిన మెట్లు నేను వేరే చోట చూడలేదు. ఎంబీఏ ఎంత పెద్ద కాలేజీలో చేసినా ఈ సర్టిఫికెట్ లేకపోతే గని మేనేజర్‌గా నియమించడానికి కుదరదు. చాలామంది మేట్ దగ్గరే ఆగిపోతారు. గని చట్టం పేపర్ అంటే భయం, పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. "మనకెందుకు లేన్నా" అంటారు. ఏడాదిపాటు రోజూ ఒక గంట కూర్చుంటే దాటగలిగిన భయమే అది.

సేఫ్టీ. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం వెయ్యి మంది, ఆపైన పనిచేసే ఫ్యాక్టరీకే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలని రూల్ ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లో ఆ సంఖ్య 500కి తగ్గింది. ప్రమాదకరమైన ప్రక్రియలు నడిచే ఫ్యాక్టరీలకైతే 250, గనులకి 100. అంటే ఇంతవరకు సేఫ్టీ ఆఫీసర్ అక్కర్లేదనుకున్న మధ్యరకం ప్లాంట్లకి కూడా ఇప్పుడు మనిషి కావాలి. దీనికి అడిగేది ఇండస్ట్రియల్ సేఫ్టీలో గుర్తింపు ఉన్న డిప్లొమా. చెన్నై తరమణిలోని ప్రాంతీయ కార్మిక సంస్థలో ఏడాది కోర్సు ఉంది. నెల్లూరు నుంచి రైల్లో మూడు గంటల దారి. ఇంజినీరింగ్ డిప్లొమా ఉండి ఫ్యాక్టరీ అనుభవం ఉన్నవాళ్లకీ అవకాశం ఉంటుంది, కంపెనీ పంపిస్తే ఇంకా మంచిది. ఒక్క నెలలో సేఫ్టీ డిప్లొమా చేతికిస్తామనే బోర్డులు చూసి మోసపోవద్దు. బ్రిటన్ వాళ్ల నెబోష్ సర్టిఫికెట్ గల్ఫ్ పోయేవాళ్లకి బాగా పనికొస్తుంది. కానీ ఇక్కడ చట్టం అడిగే డిప్లొమాకి అది బదులు కాదు.

పోర్టు పక్క ఉన్నవాళ్లకి కస్టమ్స్ బ్రోకర్ కార్డులు. క్లియరింగ్ ఆఫీసులో పనిచేస్తూ జీ కార్డు పరీక్ష పాసైతే డాక్యుమెంట్ల మీద సంతకానికి హక్కు వస్తుంది. డిగ్రీ ఉండి, జీ కార్డు మీద అనుభవం కూడా వచ్చాక ఎఫ్ కార్డు పరీక్ష రాసుకోవచ్చు, సొంత లైసెన్స్ దారి అది. పరీక్ష కఠినమే. కృష్ణపట్నంలో కంటైనర్లు తగ్గాక ఈ లైన్ ఒకప్పుడున్నంత ఊపులో లేదు, చెన్నైకి పోవడానికి సిద్ధపడేవాళ్లే ఎంచుకోవాలి.

లైన్ సర్టిఫికెట్లకి లోపం లేదా అంటే ఉంది. అవి ఆ లైన్లోనే చెల్లుతాయి. రొయ్యలు పడిపోతే హెచ్‌ఏసీసీపీ మనిషి కనీసం వేరే ఫుడ్ కంపెనీకి పోగలడు, గని ఫోర్‌మన్‌కి ఆ వీలు కూడా తక్కువ. పైగా ఇవేవీ మనుషులతో ఎలా మాట్లాడాలో, బడ్జెట్ ఎలా వేయాలో నేర్పవు. సంతకం పెట్టే హక్కు వచ్చాక కూడా కింద మనుషులు మాట వినకపోతే మేనేజర్‌గా నిలబడడం కష్టం.

బీవోక్, అప్రెంటిస్‌షిప్ డిగ్రీ

కాగితం మీద చూస్తే వీటిని మించింది లేదు. యూజీసీ 2014లో తెచ్చిన బీవోక్ అనే వృత్తి విద్య డిగ్రీలో 60 శాతం నైపుణ్యం, 40 శాతం మామూలు చదువు. ఏడాది చదివి ఆపేస్తే డిప్లొమా, రెండేళ్లకి అడ్వాన్స్‌డ్ డిప్లొమా, మూడేళ్లకి డిగ్రీ. ఆ డిగ్రీతో తర్వాత ఎంబీఏకి పోవచ్చు. అప్రెంటిస్‌షిప్ కలిపిన డిగ్రీల్లో ఒకటి నుంచి మూడు సెమిస్టర్లు కంపెనీలోనే పని, స్టైపెండ్ వస్తుంది. వీటన్నిటినీ ఒకే నిచ్చెన మీద పెట్టడానికి జాతీయ నైపుణ్య అర్హతల చట్రం ఉంది. 2013 డిసెంబర్‌లో పది స్థాయిలతో తెచ్చారు, 2023లో ఎనిమిది స్థాయిలకి కుదించారు.

మన దగ్గర నడిచే తీరు వేరు. ఫ్యాక్టరీల్లో ఇంటర్వ్యూ చేసేవాళ్లలో చాలామందికి ఈ స్థాయిల లెక్కే తెలియదు. బీవోక్ అనగానే "అదేం డిగ్రీ?" అంటారు. మన రాష్ట్రంలో మామూలు డిగ్రీ పిల్లలకి 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ పిల్లవాడిని పంపించి నేర్పించమని అడిగే కాలేజీలు కొన్నే, సర్టిఫికెట్ మీద స్టాంపు వేసి పంపమనేవే ఎక్కువ. కంపెనీలు కూడా తక్కువ తినలేదు, వచ్చిన పిల్లల్ని ఫోటోకాపీలు తియ్యడానికో, ఎక్సెల్‌లో అటెండెన్స్ ఎక్కించడానికో వాడుకుంటాయి.

కాబట్టి ఇప్పుడు ఇంటర్ అయిపోయి చేరబోయే తమ్ముడికో చెల్లెలికో ఇవి చెప్పండి, కాలేజీకి నిజంగా ఏ కంపెనీతో ఒప్పందం ఉందో కనుక్కున్నాక. ముప్ఫై దాటిన సూపర్‌వైజర్‌కి ఇవి కుదరవు.

ఈ చదువులు ఎక్కడ బాగుపడాలి

ఇంగ్లండ్‌లో ఒక పద్ధతి ఉంది. 1986లో ఎన్‌వీక్యూలు అని మొదలుపెట్టి, పనిచేసే చోటే మనిషిని అంచనా వేసి అర్హత ఇచ్చారు. ఫైళ్ల కొద్దీ సాక్ష్యాలు పోగెయ్యడమే పనైపోయిందని విమర్శలొచ్చాయి. తర్వాత అప్రెంటిస్‌షిప్‌లనే మేనేజ్‌మెంట్ స్థాయికి పెంచారు. ఐదో స్థాయిలో ఆపరేషన్స్ మేనేజర్, ఆరో స్థాయిలో డిగ్రీతో కలిపి చార్టర్డ్ మేనేజర్. పెద్ద కంపెనీలు 2017 నుంచి జీతాల బిల్లులో 0.5 శాతం దీనికి కడుతున్నాయి. చదువుకోవడానికి పని గంటల్లోనే టైమ్ ఇవ్వాలి. చివర్లో, పాఠం చెప్పినవాళ్లు కాకుండా బయటి మనిషి వచ్చి పరీక్షిస్తారు. అక్కడా అంతా సజావుగా లేదు. ఆ డబ్బుతో కంపెనీలు అప్పటికే పెద్ద పోస్టుల్లో ఉన్నవాళ్లని ఏడో స్థాయి కోర్సులకి పంపిస్తున్నాయని గొడవైంది. 2026 జనవరి నుంచి ఆ స్థాయికి ప్రభుత్వ సొమ్ము చాలావరకు 22 ఏళ్లు నిండనివాళ్లకే పరిమితం చేశారు.

అందులోంచి మనం తెచ్చుకోదగ్గవి రెండు. పని గంటల్లో టైమ్ ఇవ్వడం, పాఠం చెప్పని మనిషి పరీక్షించడం. మన దూరవిద్య ఎంబీఏలో చివరి ప్రాజెక్ట్ ఉంది కదా. దాన్ని విద్యార్థి పనిచేసే ప్లాంట్‌లోనే, ప్లాంట్ హెడ్ ఒప్పుకున్న ఒక సమస్య మీద చేయించి, వైవాకి ఆ లైన్ తెలిసిన బయటి మేనేజర్‌ని కూర్చోబెట్టమనండి. జిరాక్స్ షాపు ప్రాజెక్టు ఆ వైవాలో ఐదు నిమిషాలు నిలబడదు. గని సర్టిఫికెట్ల వాళ్లు దీనికి ఎదురు పని చెయ్యాలి. మేనేజర్ పరీక్షలో చట్టం, యంత్రాలతో పాటు మనుషుల్ని నడపడం, ఖర్చు లెక్క కూడా ఒక పేపర్ ఉంటే తప్పేముంది? కంపెనీల సంగతైతే మరీ విచిత్రం. వారానికి ఒక పూట చదువుకోనివ్వమంటే మనిషి లేడంటారు. అదే మనిషి మానేసిపోతే కొత్తవాణ్ని వెతికి, నేర్పి నిలబెట్టడానికి ఆరు నెలలు పడుతుంది.

ఎవరికి ఏది

డిగ్రీ ఉండి రొయ్యల ప్లాంట్ ఫ్లోర్ మీద ఉన్నవాళ్లు ఈ ఏడాదే హెచ్‌ఏసీసీపీ శిక్షణ తీసుకోండి. ఒక ఆడిట్ సీజన్ రికార్డులు మీ చేతుల మీదుగా నడిచాక దూరవిద్య ఎంబీఏ కట్టండి, స్పెషలైజేషన్‌లో ఆపరేషన్స్ తీసుకోండి. మార్కెటింగ్ తీసుకుంటే మీకు పనికి రాదు. క్వారీలో ఉన్నవాళ్లకి డిగ్రీ ఉన్నా లేకపోయినా ఫోర్‌మన్ పరీక్షే మొదటిది. డిప్లొమా మీద ఫ్యాక్టరీలో ఉన్నవాళ్లకి సేఫ్టీ దారి, డిగ్రీ ప్లస్ ఎంబీఏ కలిపి ఐదేళ్లు పట్టే దారి కంటే దగ్గర. ఇంకా పెళ్లి కాక, బాధ్యతలు లేక, ఈ పని మీద ఇష్టమూ లేనివాళ్లు ఐసెట్ రాయండి.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. మా ప్లాంట్లలో పీలింగ్, గ్రేడింగ్‌లో ఎక్కువమంది ఆడవాళ్లే. సూపర్‌వైజర్ స్థాయికి వచ్చేసరికి పలచబడతారు, మేనేజర్ల దగ్గరైతే వేళ్ల మీద లెక్క. నైట్ షిఫ్ట్, ఇల్లు, పిల్లలు... రెండేళ్ల రెగ్యులర్ కోర్సు మాట ఎత్తడానికే లేదు. ల్యాబ్‌లోనూ క్వాలిటీలోనూ ఉన్న ఆడపిల్లలకి హెచ్‌ఏసీసీపీ, దాని తర్వాత ఇగ్నో కలిసొచ్చే దారి. వీళ్లకి ట్రైనింగ్ చెన్నైలోనో కొచ్చిలోనో పెడితే చాలామంది ఇంట్లో పంపరు. నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక హాల్ తీసుకుని బ్యాచ్ పెట్టించమని మీ కంపెనీ ద్వారా అడగండి. రెండు మూడు ప్లాంట్లు కలిస్తే ఒక బ్యాచ్ నిండుతుంది, ట్రైనర్ ఖర్చు పంచుకోవచ్చు. ఒక్క కంపెనీయే అడిగితే మనుషులు చాలరంటారు కాబట్టి పక్క ప్లాంట్ హెచ్‌ఆర్‌తో ముందే మాట్లాడుకుని, ఇద్దరూ కలిసి లెటర్ పెట్టడం మంచిది. సీజన్ మొదలయ్యాక ఎవరినీ వదలరు, కాబట్టి సరుకు తక్కువగా ఉండే నెలలకే తేదీలు అడగండి.